అవసరం లేదు

హైదరాబాదు నుంచి వియ్యాలవారు వారం రోజులకు దిగుతున్నారని తెలిసిన రోజే రుక్మణికి ఒళ్ళు మండింది. అదీ కత్తిరి ఎండల్లో. పాండిచ్చేరిలో పుట్టి పెరిగినవాళ్ళే మే నెలలో నీడ వెతుక్కుంటుంటే, వీళ్ళు ఏరికోరి వస్తున్నది సముద్రం కోసం కాదు, సీసాల కోసమని ఆమె తేల్చేసింది. కరెంటాఫీసులో ఇరవై ఆరేళ్ళుగా రికార్డులు చూస్తున్న మనిషి. మనుషుల్ని కూడా ఒక్కసారి చూసి ఏ అరలో పెట్టాలో చెప్పేయగలనని ఆమె నమ్మకం.

అయినా వారం సెలవు పెట్టింది. నోరు కుట్టేసుకుంటానని మొగుడు శివలింగానికి మాట కూడా ఇచ్చింది. కారణం ఒక్కటే. కూతురు ఇలక్కియకు ఐదో నెల. ఏడో నెలలో గాజులు తొడిగించి, పిల్లను ముదలియార్‌పేటలోని తన ఇంటికి తెచ్చుకొని, సెప్టెంబరులో తొలి పురుడు అక్కడే పోయాలి. అందుకోసం ముందుగదికి సున్నం కొట్టించింది. పాత నూలు చీరలు ఉతికి మడతలు పెట్టింది. తెలిసిన నర్సు మణియమ్మకు ఇప్పటి నుంచే చెప్పి ఉంచింది. ఇక కావలసింది వియ్యాలవారి నోటి నుంచి ఒక్క మాట. అది వాళ్ళంతట వాళ్ళే అనాలి. నోరు తెరిచి అడగడం రుక్మణి వంటికి పడదు.

ఆదివారం దిగారు నలుగురూ: వియ్యంకుడు, వియ్యపురాలు, అల్లుడు, ఇలక్కియ. "మీకు శ్రమ ఎందుకని వైట్ టౌన్‌లో రూములు తీసుకున్నామండీ వదినగారూ" అంది వియ్యపురాలు. ఇంట్లో ఏసీ లేదని చెప్పడానికి ఇంత తేనె పూయాలా అనుకుంది రుక్మణి. పైకి మాత్రం నవ్వి, "సరి వదినా, మీకు యాడ వసతి అయితే ఆడ ఉండండి" అంది.

వియ్యంకుడు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు. సోమవారం పొద్దున మోకాళ్ళు దాటని నిక్కరు, కొబ్బరిచెట్ల బొమ్మల చొక్కా వేసుకొని బయలుదేరాడు. ఆ ఫ్రెంచి వీధుల్లో పసుపు గోడ కనబడితే చాలు, దాని ముందు నిలబడి ఫోటో. ఆ గోడ ఇల్లా, ఆఫీసా, లోపల మనుషులున్నారా, ఏదీ అక్కర్లేదు. యాభై మూడేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ రుక్మణి ఒక్క గోడ ముందైనా ఫోటో దిగలేదు. ఆ మాట ఆమె గొప్పగా తలుచుకుంది. మధ్యాహ్నం ఆయన బ్రాందీ షాపులోకి వెళ్ళి, గుళ్ళో దర్శనమైనవాడిలా వెలిగిపోతూ బయటికి వచ్చాడు. సాయంత్రానికి శివలింగం కూడా ఆ పక్కన చేరాడు. మంగళవారం నాటికి ఇద్దరూ "బావా" అంటే "బావా" అనుకుంటూ ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకునే దాకా వచ్చారు. పీడబ్ల్యూడీలో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసినవాడు, పెద్ద సారు పిలిచి ఒక గ్లాసు ఇస్తే కరిగిపోయాడని రుక్మణి పళ్ళు నూరుకుంది.

వియ్యపురాలిది ఇంకో తీరు. ఏది చూసినా "అబ్బ, ఎంత బాగుందో!" పడవ బాగుంది, ఇసక బాగుంది, రోడ్డు మీద మల్లెపూలమ్మే ఆమె చీర బాగుంది. అన్నీ బాగున్నాయంటే ఏదీ సరిగా చూడలేదని లెక్క, అనుకుంది రుక్మణి. చున్నంబారు ఏట్లో పడవెక్కినప్పుడు ఆవిడ భయపడి రుక్మణి చేయి గట్టిగా పట్టుకుంది. రుక్మణి ఆ చేతి ఉంగరాలు లెక్కపెట్టింది.

అందరికంటే ఎక్కువ కడుపు మండించింది ఇలక్కియ. ముత్తియాల్‌పేట చేపల మార్కెట్లో అమ్మ కొంగు పట్టుకొని తిరిగిన పిల్ల, ఇప్పుడు పళ్ళెంలో ఆకులు వేసుకొని ఫోర్కుతో పొడుచుకుంటోంది.

"కడుపుతో ఉండే పిల్ల ఆ గడ్డి తింటాదా?" అంది రుక్మణి, ఇచ్చిన మాట మరిచి.

"సలాడ్ అమ్మా. డాక్టరే తినమన్నాది" అంది ఇలక్కియ.

"డాక్టరుకు ఏం, ఆమె కనేది లేదు కదా."

అల్లుడు నవ్వాడు. వియ్యపురాలు కూడా నవ్వింది. ఇలక్కియ నవ్వలేదు.

బుధవారం రాత్రి భోజనం బీచ్ రోడ్డుకు దగ్గరలో ఒక ఫ్రెంచి హోటలు మేడ మీద. చేపముక్క అరచేతిలో సగం, దాన్ని పట్టుకొచ్చిన పళ్ళెం చాటంత. ఆ చేపకు ఉప్పు లేదు, కారం లేదు, పులుపు లేదు. పథ్యం కూడుకు పేరు పెట్టి అమ్ముతున్నారని రుక్మణి అనుకుంటూ ఉండగా, వియ్యపురాలు గ్లాసు కింద పెట్టి, కాస్త ముందుకు వంగింది.

"వదినగారూ, ఒక మాట. పురుడికి పిల్లను ఇక్కడికి పంపమంటారా? మీ మాట ప్రకారమే చేద్దాం."

రుక్మణి కోరుకున్న మాటే. వచ్చింది! అడగకుండా వచ్చింది. ఎగిరి గంతేయాలనిపించింది కాని, ఇంతకాలం కాచుకొని కూర్చున్నట్టు వాళ్ళ ముందు తేలిపోవడం ఇష్టం లేదు. గాజులు తొడిగేది ఏడో నెలలో కదా, అప్పటికి మాట్లాడుకుందాం అన్నట్టుగా, పెద్దమనిషి తరహాగా చేయి ఊపింది.

"అవసరం లేదు వదినా."

"సరేనండీ, మీ ఇష్టం" అంది వియ్యపురాలు, మెల్లగా. పక్కనే కూర్చున్న ఇలక్కియ ఫోర్కు ఆపి తల్లి వైపు చూసింది. మళ్ళీ తినసాగింది.

ఆ తర్వాతి మూడు రోజులూ రుక్మణి గెలిచిన మనిషిలా తిరిగింది. గెలిచినవాళ్ళకు దయ పుట్టాలి. ఆమెకు మాత్రం వెక్కిరింత ఇంకా పదునెక్కింది. గురువారం ఇంట్లో వంజరం చేప పులుసు పెట్టింది. వియ్యంకుడు మూడుసార్లు వడ్డించుకుంటే, "వారం నుంచి కూడు కనలేదేమో, పాపం" అని వంటింట్లో ఇలక్కియ చెవిలో అంది. శుక్రవారం అల్లుడు పొద్దున పదకొండింటికి బీరు తెరిస్తే, వాడి తాత నుంచి మొదలుపెట్టి వంశమంతా తిరగేసింది. అన్నీ ఇలక్కియ చెవిలోనే. కన్నకూతురు కాక ఇంకెవరికి చెప్పుకుంటుంది?

మళ్ళీ ఆదివారం. పొద్దున్నే కారు ఇంటి ముందు ఆగింది. వెళ్ళొస్తామని చెప్పడానికి అందరూ వచ్చారు. సున్నం కొట్టిన ముందుగదిలో కాఫీలు తాగారు.

"సెప్టెంబరు రెండో వారానికి ఆస్పత్రిలో రూము చెప్పేశాం వదినగారూ" అంది వియ్యపురాలు. "పక్కనే మీకూ మంచం ఉంటుంది. ఓ నెల ముందే వచ్చేయండి."

"యాడ ఆస్పత్రి?"

"హైదరాబాదులోనండీ. మా ఇంటికి దగ్గరే."

"అదెట్ల వదినా?" రుక్మణి కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "పిల్ల ఈడికి కదా వస్తాది!"

"మీరే కదండీ అవసరం లేదన్నారు? మొన్న బుధవారం, నేను అడిగితే."

శివలింగం నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో బావా! మా ఇండ్లల్లో అవసరం అంటే తొందర. అరవంలో అట్లనే కదా, మాకూ అదే వచ్చేసినాది. తొందర లేదు, నిదానంగా చూస్తాము అన్నాది ఇది."

రుక్మణి అప్పటికే యుద్ధానికి సిద్ధమైంది. ఇదే సందని పిల్లను కొట్టేద్దామనుకున్నారు, ఎంత జాణతనం, అని నాలుక చివరి దాకా వచ్చింది. ఆ లోపలే వియ్యపురాలు రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది.

"అయ్యో రామ! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు వదినగారూ, తొలి పురుడికి కన్నతల్లి వద్దంటుందా అని. మావల్ల ఏం తప్పు జరిగిందా అని ఈయన్ని ఎన్నిసార్లు అడిగానో. నాకు రెండు పురుళ్ళూ మా అమ్మే పోసింది. తప్పకుండా పంపిస్తాం. రూముదేముంది, ఒక్క ఫోను చేస్తే సరి."

ఈ మనిషి ఇలా మాట్లాడుతుందని రుక్మణి ఏ అరలోనూ రాసి పెట్టుకోలేదు.

"వద్దు అత్తయ్యా" అంది ఇలక్కియ. "రూము ఉండనీండి."

గదిలో అందరూ ఆమె వైపు చూశారు. ఇలక్కియ లేచి వంటింట్లోకి నడిచింది. రుక్మణి వెనకే వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"నేను ఏం చెప్పినానో నీకు తెలుసు కదే. నా పక్కనే కూర్చోని ఉండావు. రెండు పక్కల మాటా తెలిసినదానివి."

"తెలుసు."

"మరి వాళ్ళకెందుకు చెప్పలేదు?"

"రావాలని లేదు కాబట్టి."

"ఏసీ లేదనా? ఏంది తక్కువ ఈడ నీకు?"

"ఏసీ కాదమ్మా. ఈ వారంలో ఒక్కరిని కూడా నువ్వు మంచిగా చూడలేదు. మామయ్య తింటే తప్పు, అత్తయ్య నవ్వితే తప్పు. నాన్న నాలుగు రోజులు సంతోషంగా ఉంటే అదీ తప్పు. నేను ఫోర్కు పట్టుకుంటే నన్నూ అట్లనే చూసినావు. నువ్వు చూసే చూపు ఎట్లుంటాదో నీకు తెలీదు. నాకు బిడ్డ పుడతానే దాని మొగం తిప్పి చూసి, ఇది వాళ్ళ తాత మూతి, ఇది వాళ్ళ అవ్వ ముక్కు అంటావు. పచ్చి బాలింతగా పడుకోని అది నేను వినలేను."

రుక్మణికి తల కొట్టేసినట్టయింది. లేదే, నేనెందుకంటాను, అందామనుకుంది. అనలేకపోయింది. ఆ మూతీ ఆ ముక్కూ ఆమె అప్పుడే మనసులో పోల్చి చూసుకొని ఉంది. కూతురు చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అది తెలిసి ఆమెకు ఏడుపొచ్చింది. కొంగుతో కళ్ళు ఒత్తుకొంది.

"మారుతానే" అంది. "నీ మీద ఒట్టు."

ఇలక్కియ మెత్తబడింది. తల్లి భుజం మీద చేయి వేసి, "సరి, చూస్తాము. ఇంకా నాలుగు నెలలు ఉండాది" అంది. ఆ మాటకే రుక్మణి ప్రాణం లేచి వచ్చింది.

అందరూ బయటికి వచ్చారు. ఇలక్కియ ముందుగా కారెక్కి కిటికీ పక్కన కూర్చుంది. వియ్యపురాలు గుమ్మం దాటి మళ్ళీ వెనక్కి వచ్చి, రుక్మణి రెండు చేతులూ పట్టుకుంది. "మనసులో ఏమీ పెట్టుకోకండి వదినగారూ. మీరెలా అంటే అలాగే" అంటుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రుక్మణికి కూడా మనస్ఫూర్తిగా ఏదో అనాలనిపించింది. నిజంగానే అనిపించింది. కాని ఆమె చూపు ఆవిడ కళ్ళ మీద లేదు. ముందుపంటికి అంటుకున్న ఎర్రటి లిప్‌స్టిక్ మీద ఉంది. పెదవి చివర, తనకు తెలియకుండానే, ఒక వంకర కదిలింది.

కారు కిటికీలోంచి ఇలక్కియ తల్లి ముఖమే చూస్తోంది. చూసి, అద్దం పైకి ఎత్తేసింది.