డిస్కుకు నూనె

ముప్పై ఏళ్లుగా సిరిసిల్లలో సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, బాగుచేస్తున్నాను. సాంచె కీచుమందంటే నూనె అడుగుతోందని అర్థం. ఎక్కడ కీచుమందో చెవితోనే పట్టి నాలుగు చుక్కలు వేస్తే నోరు మూసుకుంటుంది. లక్ష్మీరాజం చెయ్యి పడితే చప్పుడు పోవాల్సిందే అని సాంచాలు నడిపించే ఆసాములు అంటారు. నేనూ కాదనను.

ఆ గర్వంతోనే ఆదివారం మా బిడ్డ సంధ్యారాణి బండి మీద పడ్డాను. ఆమె కోరుట్లలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. వారానికోసారి తన మోటారు సైకిల్ మీదే ఇంటికి వస్తుంది. ఆడపిల్లకు అంత బండి ఎందుకని వాళ్లమ్మ నవత సణుగుతూనే ఉంటుంది, నేను మాత్రం బిడ్డ పక్షమే. ఈసారి బండి నిండా బురద. పైగా ముందు బ్రేకు పట్టినప్పుడల్లా కీచుమంటోంది. బిడ్డ అన్నం తిని పడుకోగానే నేను బండి సామాన్ల దుకాణానికి పోయాను.

దుకాణదారు మూడు డబ్బాలు ముందు పెట్టాడు. ఒకటి కడిగే షాంపూ, ఒకటి చైను మురికి తీసేది, ఒకటి మెరుపు స్ప్రే. మెరుపుది సీటుకూ ప్లాస్టిక్కుకూ మాత్రమే కొట్టుకోమన్నాడు. డబ్బా వెనుక సన్న అక్షరాల్లో ఇంకా ఏదేదో రాసి ఉంది. కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. ఉన్నా చదివేవాణ్ని కాదు. బండి శుభ్రంగా కడిగి, స్ప్రే కొట్టి, చివరికి ముందు చక్రానికుండే బ్రేకు డిస్కుకు సాంచె నూనె రాశాను. తోసి చూస్తే కీచుమనలేదు. నా భుజం నేనే తట్టుకున్నాను.

సోమవారం పొద్దున ఆమె బయలుదేరిన పావుగంటకు, వీధి చివర బండ్లు బాగుచేసే శ్యాంసుందర్ దగ్గరికి పోయాను. నా పనితనం ఆయనకు చెప్పుకోకపోతే తిన్నది అరగదు. ఆయన స్పానరు తిప్పుతూనే వింటున్నాడు. నూనె మాట రాగానే చెయ్యి ఆగింది.

“డిస్కుకు నూనె రాసినవా, లక్ష్మన్నా?”

అవునన్నాను, ఇంకా నవ్వుతూనే.

“డిస్కును ప్యాడ్లు గట్టిగ పట్టుకుంటెనే బండి ఆగుతది. నూనె ఉంటె జారుతయి. ఎనక బ్రేకు ఉన్నది గనుక ఊళ్లె మెల్లగ పోతె ఎరుకగాదు. రోడ్డు మీద గట్టిగ పట్టాల్సి అచ్చినప్పుడే తెలుస్తది.”

వెంటనే బిడ్డకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. బండి మీద ఉన్నప్పుడు ఫోన్ ఎత్తొద్దని ఆమెకు నేర్పింది నేనే. మళ్లీ చేశాను. శ్యాంసుందర్ షట్టరు కూడా దించకుండా తన బండి తీశాడు. వెనుక ఎక్కి ఆయన చొక్కా పట్టుకున్నాను.

దారిలో ఆయన చెప్తూనే ఉన్నాడు. కీచుమన్నది ఇరుక్కున్న దుమ్ముకట. సబ్బునీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడిస్తే సరిపోయేదట. అంతగా కావాలంటే బ్రేకు క్లీనర్ అని వేరే ఉంటుందట. ఇప్పుడైతే ప్యాడ్లు నూనె పీల్చుకొని ఉంటాయి, మార్చాల్సిందేనట. నా చెవికి ఏదీ ఎక్కడం లేదు. వేములవాడ వచ్చేసరికి ఇంకోటి గుర్తొచ్చింది. నల్లగా నిగనిగలాడాలని టైర్లకు కూడా, రోడ్డును తాకే చోటుతో సహా, ఆ మెరుపు స్ప్రే కొట్టాను. ఆ మాట శ్యాంసుందర్ చెవిలో చెప్పాను. ఆయన వేగం పెంచాడు.

ఊరు దాటాక ఒక మలుపులో జనం గుమిగూడారు. మనుషుల కాళ్ల మధ్య నుంచి పడి ఉన్న బండి చక్రం ఒక్కటే కనిపిస్తోంది. నేను దిగలేకపోయాను. దేవుడా, నా చేతులు విరిగినా సరే, అది నా బిడ్డ కాకుంటే చాలు అనుకున్నాను. శ్యాంసుందర్ పోయి చూసి వచ్చి, ఎవరో ముసలాయన, బాగానే ఉన్నాడని చెప్పాడు. నాకు సంతోషమైంది. పడ్డ మనిషిని చూసి సంతోషపడ్డందుకు సిగ్గేసింది. అయినా భయం ముందు సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది? మళ్లీ ఫోన్ చేశాను.

చందుర్తి దాటాక కనిపించింది. రోడ్డు పక్కన ఆరబోసిన వడ్లలో బండి పడి ఉంది. సంధ్యారాణి కల్వర్టు గోడ మీద కూర్చొని ఉంది. మోచేయి చెక్కుకుపోయింది, హెల్మెట్ ఒళ్లో ఉంది. వడ్లు తిరగేస్తున్న ఆడవాళ్లు నీళ్లు తాగిస్తున్నారు. బర్రె అడ్డం వచ్చిందనీ, బండి ఆగలేదనీ, వెనుక చక్రం జారి వడ్ల మీద పడ్డదనీ వాళ్లే చెప్పారు. నేను ఆమె తల, మెడ, కాళ్లు తడిమి చూశాను.

“తప్పు నాదే బాపు,” అంది. “బ్రేకు పట్టుడు నాకే చాతగాలె. అమ్మ అన్నదే నిజం. ఇగ నేను బండి నడుప.”

శ్యాంసుందర్ నావైపు చూసి తల తిప్పుకున్నాడు. నేను నోరు విప్పకపోతే ఆయన చెప్పేలా లేడు. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం ఆ మౌనం నాకు హాయిగానే అనిపించింది. ఆ హాయిని చూసి నాకే భయమేసింది.

“నీ తప్పు లేదు బిడ్డా. డిస్కుకు నేనే నూనె రాసిన. చప్పుడు పోవాలని.”

ఆమె లేచి బండి దగ్గరికి పోయింది. డిస్కు మీద వేలు రాసి వాసన చూసుకుంది. ఏడవలేదు, తిట్టలేదు. నావైపు తిరిగింది. ఆ చూపులో కోపమన్నా ఉంటే బాగుండేది. చిన్నప్పటి నుంచి ఏ భయమొచ్చినా నా వెనకే దాక్కున్న పిల్ల.

“ఇంకెక్కడెక్కడ ఏం రాసినవ్, బాపు?”

నేను వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపించాను. చూపించినకొద్దీ నా బిడ్డ ఒక్కో అడుగు నాకు దూరంగా జరిగింది.