గాడిద రాజీ

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కొడుతున్న తల్లి కల్లమ్మ, గొర్రుకు తాళ్లు బిగిస్తున్న తండ్రి సిద్రామప్ప, చేటలో విత్తనపు కందులు ఏరుతున్న నాయనమ్మ బసలింగమ్మ, ఆమె పక్కనే మనవరాలు మహానంద. సంగయ్యను కూడా కలిపితే ఐదుగురు. కాని సంగయ్య గడప అవతల నిలబడ్డాడు. డప్పు కొట్టి దొర మాట చాటే వెట్టివాడిని ఏ ఇంట్లోనూ ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

రాత్రి తొలకరి మిరుగు వాన పడింది. నల్లరేగడికి మంచి పదునెక్కింది. ఆ పదును ఆరకముందు విత్తనం వేసినవాడికే ఏడాదంతా రొట్టె. ఆరితే ఆ ఏడు పస్తులే.

"పటేలా, దొర పిలుస్తుండు," అన్నాడు సంగయ్య. "ఊర్ల అరకలన్నీ ఆయన చేన్లకే తోలాల్నట. మొదలు ఆయన విత్తనం, ఎనుక మీది."

"ఎనుకంటే ఎప్పుడు? పదును నా కోసం కూసుంటదా?"

"నన్నడుగుతవేంది? నేను డప్పును. కొడితే మోగుత."

అతని వెనకే దొర గుమాస్తా మాణిక్యప్ప ఇద్దరు మనుషులతో వచ్చాడు. అడగలేదు, పలకరించలేదు. నేరుగా కొట్టంలోకి పోయి ఎద్దుల పలుపులు విప్పాడు. బసలింగమ్మ లేచి అడ్డం నిలబడితే ఆమెను భుజంతో పక్కకు తోశాడు. చేట జారింది. విత్తనాలన్నీ బురదలో పడ్డాయి.

"ముసల్దానా, ఎద్దుకున్న బుద్ధి నీకు లేకపాయె. చూడు, పిలిస్తే ఎట్ల వస్తున్నయో."

సిద్రామప్ప చేతిలో తాడు అట్లాగే ఉంది. మహానంద తండ్రి ముఖం చూడలేక వంగి, బురదలోంచి కందులు ఒక్కొక్కటే ఏరసాగింది.

అంతకు ముందే, ఆ ఏటి ఉగాది తర్వాత, సర్కారు ఒక కొత్త చట్టం, ఖానూన్ తెచ్చింది. దాన్ని ఊళ్లో చాటింది సంగయ్యే. "రయ్యత్ రాజీ లేనిదే వెట్టి బంద్!" అని కచేరీవాళ్లు నేర్పిన మాట నేర్పినట్టే అరిచాడు. రయ్యత్ అంటే రైతని తెలుసు, మిగతాదాని తల ఏదో తోక ఏదో ఎవరికీ తెలియలేదు. మన ఊళ్లలో రాజీ అంటే ఏమిటి? కొట్టుకున్న ఇద్దరినీ పెద్దమనుషులు కూర్చోబెట్టి, మాట కలిపి, తగాదా తెంపడం. దొరతో ఒకసారి రాజీ కుదిరిందా, ఇక వెట్టి పోయినట్టే అనుకున్నారు అందరూ. ఖానూన్ ఉర్దూలో ఉంది. కోర్టు ఉర్దూలో నడుస్తుంది. బడీ ఉర్దూలోనే. దున్నేవాడు మాత్రం తెలుగులోనో కన్నడంలోనో ఏడుస్తాడు.

ఎద్దులు పోయిన రోజే నారాయణఖేడ్ నుంచి మున్సిఫ్, అంటే కోర్టు జడ్జి, దౌరా తిరుగుతూ ఊరికి వచ్చాడు. దొర గడీ కాక ఊళ్లో పెంకుల కప్పు ఉన్నది ఒక్క బడికే. అందుకని పిల్లలను బయటికి పంపి అక్కడే కోర్టు పెట్టారు. ఎద్దులు పోయినవాళ్లు, దొర విందుకు గొర్రెలు ఇచ్చుకున్న కురుమ బీరప్ప, అందరూ పోయి మొర పెట్టుకున్నారు. మహానంద పిల్లలతో కలిసి కిటికీ దగ్గర నిలబడింది. మూడేళ్లుగా ఆమె ఆ బడిలో చివరి వరసలో కూర్చుంటుంది. పేరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, నోరు మాత్రం విప్పదు.

మున్సిఫ్ ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి ఒకే మాట అడిగాడు.

"రాజీ హో?"

సిద్రామప్ప పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. "రాజీ అంటుండు. దొరతోని మాట కలుపుతడట. ఒప్పుకోండ్రి, పీడ పోతది."

"రాజీ, సాబ్."

"రాజీనే, సాబ్."

వరండా కింద నిలబడి సంగయ్య కూడా చేతులు జోడించి రాజీ అన్నాడు. మున్సిఫ్ తల ఊపాడు. ముకద్దమా, అంటే కేసు, కొట్టేశామన్నాడు. మాణిక్యప్ప మీసం చాటున నవ్వాడు. తగాదా తెగిందని బీరప్ప సంతోషంతో అందరికీ బెల్లం పంచాడు.

మహానంద బెల్లం నోట్లో పెట్టుకోలేదు. ఆమె చెవిలో మదార్ సార్ చెప్పిన పాఠం మోగుతున్నది. బెత్తంతో పలక మీద కొడుతూ ఆయన పిల్లలందరితో వల్లె వేయించిన వాక్యం: గధా బోఝ్ ఉఠానే కో రాజీ హై. గాడిద బరువు మోయడానికి రాజీ. అంటే, గాడిద ఇష్టపడే మోస్తున్నది.

"అజ్జీ," అన్నది ఇంటికి వచ్చాక, నాయనమ్మతో. "సాబ్ అన్న రాజీ మన రాజీ కాదు. వెట్టి మాకు ఇష్టమేనని అందరూ చెప్పి వచ్చిండ్రు."

బసలింగమ్మ చేట పక్కన పెట్టి లేచింది. ఇంకేమీ అడగకుండా మనవరాలి రెక్క పట్టుకుని చావడి దాకా ఈడ్చుకుపోయింది. పొద్దు గూకుతున్నది. మగవాళ్లంతా అక్కడే ఉన్నారు.

"చెప్పు," అన్నది.

తల వంచుకునే మహానంద చెప్పింది. బెల్లం తింటున్న నోళ్లు ఆగిపోయాయి.

"మోసం! ఆడపోరి చెప్తెగాని తెల్వలే మనకు," అని సిద్రామప్ప నెత్తి కొట్టుకున్నాడు. "నా ఎద్దులను నేనే అప్పజెప్పిన గదనే! సంగయ్యా, డప్పు కొట్టి చాటినోనివి, నీకన్న తెల్వదా?"

సంగయ్య దూరం నుంచే నవ్వాడు. ఆ నవ్వులో బెల్లం లేదు.

"ఒక్కనాడు నీ ఎద్దులు పోతే వెట్టి అని ఒర్రుతున్నవు, పటేలా. మా తాతల కాన్నుంచి నేను దొరకు మోస్తున్న, నీకూ మోస్తున్న. నన్ను రాజీనా అని నువ్వెన్నడన్న అడిగినవా?"

 ఊరు తన మొహాన్ని తాను చూసుకున్న ఘడియ అది. సిద్రామప్ప చేతిలోని బెల్లం ముక్క కింద పెట్టాడు. చివరికి బసలింగమ్మే ముందుకు వచ్చింది.

"ఇగ అడుగుతం. గీడికొచ్చి అరుగు మీద కూసో, సంగా. నువ్వు లేకుంటే రేపు మేమెవ్వలం పోము."

సంగయ్య అరుగు వైపు, దాని మీద కూర్చున్నవాళ్ల వైపు చూశాడు. తర్వాత వచ్చి కూర్చున్నాడు. ఇద్దరు ముగ్గురు దూరం జరిగారు, ఒకడు లేచి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు కూర్చునే ఉన్నారు.

"ఏమనాలె, బిడ్డా?" అని సంగయ్య అడిగాడు.

"రాజీ నై," అన్నది మహానంద. "ఇష్టం లేదని."

"రాజీనా," అని నోరు తిరగక ఆగాడు బీరప్ప.

"రాజీనామా గాదు మామా, నీ గొర్రెలకు ఇస్తవా ఏంది!" అని ఎవరో అంటే చావడి గొల్లుమన్నది. తిరిగి తిరిగి అనిపించారు. ఆడవాళ్లు నీళ్ల బిందెలు దించి నిలబడి అన్నారు. ఎప్పుడూ గొంతెత్తని పిల్ల ఆ సాయంత్రం ఊరికంతటికీ పంతులమ్మ అయింది.

తెల్లారింది. దొర చేలోకి ఒక్క మనిషీ పోలేదు. గుమాస్తా మనుషులు తోలితే ఎద్దులు ఆ గొంతులు గుర్తుపట్టక చాళ్లో మొరాయించాయి. మున్సిఫ్ ఇంకా మకాం ఎత్తలేదు; ఆయన ఉన్న బడి ముందు ఊరు ఊరంతా నిలబడింది. గడీ వైపు నుంచి దొర మనుషుల గుర్రాలు వస్తున్న దుమ్ము లేచింది. మున్సిఫ్ వెంట వచ్చిన జవాన్లు తుపాకులు భుజం మీంచి దించారు.

"రాజీ నై!"

మున్సిఫ్ వరండాలోకి వచ్చాడు. నిన్న రాజీ అన్నవాళ్లు ఈవేళ కాదంటే కోర్టును ఎగతాళి చేసినట్టేనని కేకలు వేశాడు. "కిస్ నే సిఖాయా?" అన్నాడు. ఎవరు నేర్పారు?



"గీ డప్పోడే, సర్కార్," అని మాణిక్యప్ప వేలు చూపించాడు. జవాన్లు సంగయ్య రెక్కలు విరిచి కట్టారు. తుపాకీ మడమతో వీపు మీద ఒకటి, మరొకటి. అతని కళ్లు మహానంద మీద పడ్డాయి. వెంటనే పక్కకు తిప్పుకున్నాడు. పళ్లు బిగబట్టి నేల చూశాడు.

ఆ చూపు తిప్పుకోవడం ఆమె చూసింది. తల్లి పట్టుకున్న కొంగు విడిపించుకుని ముందుకు నడిచింది.

"నేను," అన్నది. ఆ మాట పక్కవాళ్లకే వినబడింది. మళ్లీ అన్నది, ఈసారి వరండా దాకా వినబడేట్టు, ఉర్దూలో. "గధా రాజీ హై, సాబ్. హమ్ రాజీ నై." గాడిదకు ఇష్టం, మాకు లేదు.

గాడిద మాట విని జవాను ఒకడు పక్కుమన్నాడు. ఆ నవ్వుతో మున్సిఫ్ ముఖం కందగడ్డ అయింది. గుర్రాల చప్పుడు దగ్గరికి వచ్చింది. ఒక జవాను ఆమె జడ పట్టి బడిలోకి తోశాడు. ఆమె చివరి వరసలో, రోజూ తాను కూర్చునే చోటే పడింది.

తలుపు మూసి గొళ్లెం పెట్టమని మదార్ సార్‌కు హుకుం అయింది. ఆయన తలుపు రెక్క పట్టుకుని గడపలో నిలబడ్డాడు. "బేటీ," అన్నాడు. 

ఆయన భుజం మీదుగా మహానందకు బయట కనబడింది. నాయనమ్మ గుర్రాలకు అడ్డంగా దారిలో కూర్చున్నది. ఆమె పక్కన తల్లి, బీరప్ప. సిద్రామప్ప సంగయ్య పక్కకు పోయి, కట్టమని తన రెండు చేతులూ ముందుకు చాచాడు. ఎవరూ మొదలుపెట్టకుండానే మళ్లీ రాజీ నై అన్న ఆ రెండు మాటలు లేచాయి. మదార్ సార్ పెదవులు కూడా కదిలాయి. తర్వాత ఆయన కళ్లు మూసుకుని తలుపు వేశాడు.