బోగ్నాకు చప్పట్లు

బోగ్నా రుద్నిత్స్‌కా నోరు తెరిచిందో లేదో, నాటకశాలలో చప్పట్లు మొదలయ్యాయి. ఈలలు లేవు, తిట్లు లేవు. మంచి కోట్లు వేసుకుని, సెంటు రాసుకుని వచ్చిన వార్సా పెద్దమనుషులు తీరిగ్గా, లయ తప్పకుండా కొట్టారు. ఆమె ఆగితే వాళ్లూ ఆగారు. పెదవి కదిపితే, ఒక్క మాటా వినపడనివ్వకుండా మళ్లీ కొట్టారు. నటిని మెచ్చుకున్నందుకు ఏ పోలీసు మాత్రం ఎవర్ని లాక్కుపోతాడు? కాసేపటికి తెర దించేశారు.

ఆమెకు ఏళ్ల తరబడి నాటకం దుస్తులు తొడుగుతున్న లియోకాడియా, వీపు మీద హుక్కులు విప్పుతూ ఒక్క ఓదార్పు మాట అనలేదు.

"కాసిని మంచినీళ్లన్నా ఇవ్వవే."

"కూజాలో ఉన్నాయి బోగ్నా గారూ. మీకు చేతులున్నాయిగా."

"హాల్లో ఉంటే నువ్వూ కొట్టేదానివా?"

"టిక్కెట్టు దొరకలేదు. లేకపోతే ముందు వరసలో కూచునేదాన్ని," అంది లియోకాడియా. గౌను మడిచి, బోగ్నా మొహం కూడా చూడకుండా వెళ్లిపోయింది.

కిందటి డిసెంబరులో సైనిక పాలన పెట్టి, పోలండు వీధుల్లోకి ట్యాంకులు వచ్చినప్పటి నుంచి సర్కారు టీవీ గడప తొక్కకూడదని నటులంతా ఒక్కమాట మీదున్నారు. కాగితం లేదు, సంతకం లేదు. రాజుల వేషాలు వేసినవాళ్లు టాక్సీలు నడుపుకున్నారు, చర్చిల్లో ఉత్తినే పద్యాలు చదివారు, మాట మాత్రం తప్పలేదు. తప్పింది బోగ్నా. ఒక ఆదివారం సాయంత్రం టీవీ నాటకంలో లేసు కాలరు వేసుకుని కనిపించింది. ఇళ్లలో చాలామంది టీవీలు గోడవైపు తిప్పేసుకున్నారు గానీ, ఎవరు నటించారో మాత్రం తెల్లారేసరికి ఊరంతటికీ తెలుసు.

ఎందుకు చేసిందో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేది. ఇరవై ఏళ్ల నుంచీ సినిమాల్లో ఉంది. యుద్ధం సినిమాల్లో బుట్టలో తుపాకీ దాచుకెళ్లే పిల్ల ఆమే, చరిత్ర సినిమాల్లో మెట్లు దిగివచ్చే జమీందారిణీ ఆమే, ఆ తర్వాత డాక్టర్ల పెళ్లాలూ ఆమే. దేశమంతా ఆమె మొహాన్ని ప్రేమించింది, ఆమె మాట మాత్రం ఒక్కటీ ఎవరికీ గుర్తులేదు. గుర్తుంచుకోదగ్గ మాట ఆమె చేత ఎవడు పలికించాడు గనక? నలభై మూడో ఏట ఒక వేషం వచ్చింది. ఓడల కర్మాగారం గేటు ముందు కాల్పుల్లో పోయిన కొడుకు శవాన్ని గుర్తుపట్టడానికి వచ్చిన తల్లి. ఆఖర్న ఆ తల్లి సైనికులతో అనే నాలుగు మాటల కోసమే తాను పుట్టానని బోగ్నా నమ్మింది. సినిమా పూర్తయింది, ట్యాంకులు వచ్చాయి, సినిమాని అటకెక్కించి తాళం వేశారు.

"ఒక్క సాయంత్రం, ఒక్క టీవీ నాటకం," అన్నాడు సర్కారు సాంస్కృతిక శాఖ నుంచి వచ్చిన మనిషి, టీలో చక్కెర కలుపుకుంటూ. "మీ సినిమా బయటికొస్తుంది. మాది మాటంటే మాటే."

ఆ మాటలు వింటే జనం అన్నీ మరిచిపోతారని ఆమె లెక్క. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. విచిత్రమేమిటంటే, శాఖవాళ్లు మాట నిలబెట్టుకున్నారు. నవంబరులో సినిమా విడుదలైంది.

విడుదలకు ముందురోజు మాంసం క్యూలో ఆ సినిమా దర్శకుడు, ఆమె తిమెక్ అని పిలిచే తిమోతెవుష్, ఎదురుపడ్డాడు.

"నా బిడ్డని విడిపించావుట, సంతోషం," అన్నాడు. "తాళంచెవి ఎవరి జేబులోంచి తెచ్చావో కూడా పోస్టరు మీద వేయించాల్సింది."

"జనం చూస్తారు తిమెక్. ఆ ఆఖరి మాటలు వింటారు."

"మన జనం సంగతి నీకేం తెలుసే? నువ్వు వాళ్లని తెరమీంచి తప్ప చూడలేదు."

"మరి నువ్వు రావా?"

"నేను ఎముకల కోసం నిలబడ్డాను. అవి దొరికినా చాలు," అని వీపు తిప్పేశాడు.

మర్నాడు ఆమె తలకు రుమాలు చుట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని సినిమాకి ఒంటరిగా వెళ్లింది. హాలు కిటకిటలాడుతోంది. గోడల వెంట కూడా నిలబడ్డారు. బోగ్నా గుండె పొంగింది. చూశావా తిమెక్, వచ్చారు, అనుకుంది. పక్క సీట్లో ఒక ముసలావిడ కోటు విప్పి ఒళ్లో పెట్టుకుని సర్దుకు కూచుంది.

తెర మీద కొడుకు మాట్లాడుతుంటే చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. తల్లి గుమ్మంలోకి వచ్చి నోరు తెరిచింది. హాలంతా చప్పట్లు. తల్లి మాట ముగిసింది, చప్పట్లు ఆగాయి. రంగస్థలం మీదైతే ఆగి చూడొచ్చు, లోపలికి పారిపోవచ్చు. తెర మీద బోగ్నా ఏమీ ఎరగనట్టు మాట్లాడుతూనే ఉంది. ఆ చప్పట్ల మధ్య ఆమెది ఒక్క మాట వినపడలేదు. కింద కూచున్న బోగ్నాకు లేచి ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని ఆపాలనిపించింది. అంత కోపం ఆమెకు పుట్టి బుద్ధెరిగి రాలేదు.

ముసలావిడ మోచేత్తో పొడిచింది. "ఏమ్మా, చేతులకి వాతమా?"

"లేదండీ."

"మరి కొట్టవేం? దాని చుట్టానివా?"

ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. బోగ్నా చప్పట్లు కొట్టింది. మొదట మెల్లగా కొట్టింది, తర్వాత అందరితో సమానంగా. వాళ్ల మీది కోపమంతా అరచేతుల్లోకి దిగింది.

ఆఖరి ఘట్టం వచ్చింది. గేటు ముందు తల్లి దుప్పటి తొలగించి చూసింది. ఏడవలేదు. కొడుకు చొక్కా బొత్తాం ఊడి ఉంటే పెట్టింది, అంతే. మాటలు లేవు గనక కొట్టడానికి హాలుకు ఏమీ దొరకలేదు. ముసలావిడ ముక్కు ఎగబీల్చింది. "ఎంత బాగా చేసిందో పాపిష్ఠిది," అని గొణుక్కుంది. చుట్టూ చేతులన్నీ ఒళ్లోనే ఉన్నాయి. ఇప్పుడు వింటారు, దేవుడా, ఈ ఒక్కసారి విననీ, అనుకుంది బోగ్నా.

తల్లి లేచి సైనికుల వైపు తిరిగింది. "బాబూ," అంది. ఆ ఒక్క మాటా అందరికీ వినపడింది. అప్పుడు ఏ మూలనుంచో ఒక్కడు మొదలుపెట్టాడు. పదిమంది అందుకున్నారు, ఆపైన హాలంతా. ముసలావిడ చెంపల మీద నీళ్లు కారుతుండగానే, తుడుచుకోకుండా, రెండు చేతులా కొట్టింది.

దీపాలు వెలిగాయి. బోగ్నా రుమాలు ఎప్పుడో మెడ మీదికి జారింది. ముసలావిడ ఆమె మొహం వైపు చూసింది, ఎర్రగా కందిన అరచేతుల వైపు చూసింది. కేకపెట్టలేదు, ఎవర్నీ పిలవలేదు. కోటు తొడుక్కుంటూ బొత్తాలు పెట్టుకుంది.

"ఆఖర్న ఏమందో..." అంది బోగ్నా. "మీకు వినపడలేదు. నేను చెప్పనా అండీ? నాలుగే మాటలు."

"వద్దు బోగ్నా గారూ," అంది ముసలావిడ. "రేపు మా చెల్లెల్ని తీసుకుని మళ్లీ వస్తున్నాను. వింటే ఇక చప్పట్లకి నా చేతులు లేవవు."