లింగస్వామి పానాలు

పొద్దుగాల ఎనిమిది గొట్టంగ ఎల్బీనగర్‌ల మెకానిక్ లింగస్వామి షెడ్డు తెరిచి, గోనెసంచి పరిచి, పానాలన్నీ వరసగ పేర్చిండు. ఏ బండొచ్చినా ఆయన పద్ధతి ఒకటే. ఎడమచెయ్యి బండి మీద పెట్టి కుడిచెయ్యి సామాను మీద తిప్పుతడు. కావాల్సింది ఎచ్చగైతది, దాన్నే తీస్తడు. ఏదీ ఎచ్చగ కాలేదంటే ఆ పనితోని ఇగ అక్కర పడదన్నట్టే. మొన్న, రోజూ షెడ్డుకొచ్చి కూసునే జోగారావు స్కూటర్‌కు గట్లనే అయింది. మాపటికల్ల దాన్నెవడో ఎత్తుకపోయిండు.

సకల జనుల సమ్మెల బస్సులు బందై ఇరవై రోజులు. గోరుచుట్టు మీద రోకటిపోటు లెక్క లచ్చయ్య ఆటోకు యాక్సిల్‌కు తొడిగే రబ్బరు బూటు చినిగి, గ్రీజంత కారిపోయింది. దాన్ని తోసుకుంట షెడ్డుకొచ్చిండు. దవాఖానల చేతులెత్తేసినంక ఆయన పెండ్లాం అండాలమ్మ అడిగింది ఒక్కటే, చౌటుప్పల్ అవతలున్న తల్లిగారి ఊరు ఒక్కపారి చూపియ్యమని.

"కొత్త బూటు తెచ్చిన అన్నా. పన్నెండింటికల్ల అయితదా?"

లింగస్వామి చెయ్యి ప్లయర్ మీద ఆగింది, సుత్తి మీద ఆగింది, పెద్ద పానా మీద ఆగింది. మల్ల మొదలుకెల్లి తిప్పిండు. మొకం ఎత్తలే.

"ఇంకోసారి చూడవయ్యా," అన్నడు బెంచీ మీద కూసున్న జోగారావు.

"మూడుసార్లు చూసిన సార్."

లచ్చయ్యే వంగి ప్లయర్ పట్టుకున్నడు. చలికాలం బోరు పైపు లెక్క సల్లగుంది. దాన్ని మల్ల గోనెసంచి మీదనే పెట్టిండు. ఇరవై ఏండ్లు ఆ ఆటో కింద పండుకునుడే సరిపాయె, ఆమెకు పాణం బాగలేని ఏ ఒక్కనాడన్న పక్కన కూసున్ననా, థూ, ఏం బతుకిది అనుకున్నడు.

"ఆటో ఈడనే ఉండనీ. నువ్వు ఇంటికి పో తమ్మీ," అన్నడు లింగస్వామి.

కొత్తపేటల కిరాయి రూముకు నడుసుకుంటనే పోయిండు. అండాలమ్మ గోడకు ఒరిగి, ఊరికి కట్టుకపోయే చీర ఒళ్లో పెట్టుకొని ఉంది.

"బండి బాగైందా?"

లచ్చయ్య ఆటో తాళంచెవి గూట్ల పెట్టిండు.

"పానాలు ఎచ్చగ కాలేదా?" అని ఆమెనే అడిగింది. ఒళ్లోని చీర పక్కకు పెట్టింది. "అయితే ఈడ కూసో. తొవ్వ జెప్పు. నేను కండ్లు మూసుకుంట."

ఆయన పక్కన కూసొని చెయ్యి పట్టుకున్నడు. "ఇగో, హయత్‌నగర్ దాటినం. బాటసింగారం కాడ లారీలు అడ్డమున్నయ్. చౌటుప్పల్‌ల చాయ్ తాగుదామా?"

"వద్దు. మెల్లగ పోనియ్యయ్యా, కుదుపుతుంది."

లచ్చయ్య మెల్లగ పోనిచ్చిండు. ఊరి పొలిమేరకు వచ్చేసరికి ఆమె పలుకుడు ఆగిపోయింది. అయినా ఆయన ఆపలే. ఏడ్సుకుంటనే ఒక్కొక్క మలుపు జెప్పుకుంట, ఆమె తల్లిగారింటి గడప దాక తీస్కపోయిండు.