పద్మక్క గొంతు

ఆ బుధవారం కృపాజ్యోతి చేయాల్సిన పనులివి. అమ్మకు బీపీ గోలీలు తేవాలి. ఆదివారం చర్చిలో రికార్డు చేసిన ప్రసంగం అమ్మకు వినిపించాలి. నాంపల్లి కోర్టు దగ్గర వకీలును కలవాలి. ఆ తర్వాత, ఎట్లాగైనా సరే, పద్మక్కతో మాట్లాడాలి.

గోలీలు తేవడం ఒక్కటే తేలిగ్గా అయింది.

అబిడ్స్‌లోని చీరల షాపులో జ్యోతి బిల్లింగ్ చూస్తుంది. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. కరెంటు బిల్లు మొదలు రేషన్ కార్డు దాకా ఏం చిక్కొచ్చినా ఇంట్లోవాళ్ళు "జ్యోతినడుగు" అంటారు. ఈసారి చిక్కు జ్యోతికే వచ్చింది.

మేనేజర్ ప్రసన్నకుమార్ స్టాకు చూడాలంటూ ఆడవాళ్ళను ఒక్కొక్కరినే పైఅంతస్తుకు పిలుస్తాడు. పిలిచి చెప్పుకోలేని మాటలంటాడు. షాపులో ఆడవాళ్ళ ఫిర్యాదులు వినే కమిటీకి జ్యోతి రాసిచ్చింది. కమిటీ పెద్ద నళిని మేడం "రుజువేమన్నా ఉంటే రేపు విచారణకు తీసుకురామ్మా" అంది.

రుజువుంది. పీకులాటంతా దానితోనే.

ఆదివారాలు అమ్మకు గన్‌ఫౌండ్రీలోని ఒక హాస్టల్లో వంటపని. చర్చికి రావడం కుదరదు. అందుకని జ్యోతి రికార్డింగ్ నొక్కి, ఫోన్ సంచిలో వేసి, సంచి ముందు బెంచీమీద పెట్టి, పిల్లలకు సండేస్కూల్ చెప్పడానికి వెళ్ళిపోతుంది. చేతికి అదే అలవాటు. మేనేజర్ పిలిచిన రోజు కూడా రికార్డింగ్ నొక్కి, ఫోన్ టిఫిన్ సంచిలో వేసుకుని పైకెళ్ళింది. ఫోన్లు పైకి తేకూడదని షాపు రూలు. అతని మాటలకు అక్కడ నిలవలేక కిందికి వచ్చేసింది. సంచి అక్కడే ఉండిపోయింది.

ఆ తర్వాత అతను, కొనేవాళ్ళకు చీరలు చూపించే పద్మక్కను పిలిచాడు. చీర మడత విప్పడంలో పద్మక్క తర్వాతే ఎవరైనా. ఆమెతో అతను ఇంకా నీచంగా మాట్లాడాడు. ఆమె ఏడ్చింది. ఫోన్ అదంతా పట్టుకుంది. తర్వాత సంచి తెచ్చుకుని విన్నాకే జ్యోతికి ఆ సంగతి తెలిసింది.

కోర్టు ఎదుటి చాయ్ హోటల్లో వకీలు శ్యామ్‌సుందర్ జ్యోతి చెప్పిందంతా విన్నాడు.

"చాటుగా రికార్డు చేసుడు తప్పా సార్?"

"తప్పనీ అనలేం, కాదనీ అనలేం బిడ్డా."

"గదేంది సార్?"

"నీతోని వాడు మాట్లాడింది నువ్వు రికార్డు చేసుకుంటే నేరమని సూటిగా చెప్పే కానూన్ నాకైతే కనపడలే. చాటుగా తీసిందైనా కేసుకు పనికొస్తే కోర్టు వినొచ్చు. కానీ నువ్వు లేనప్పుడు పక్కోళ్ళు మాట్లాడుకున్నది? గాడ గడబడ ఉన్నది. షాపు రూలు మళ్ళ వేరే. కోర్టు విన్నా నౌకరీ పోవచ్చు."

"అక్క మాటలు కత్తిరించి ఇస్తే?"

"కత్తిరిస్తివా, పాయె! మొత్తం నువ్వే అల్లినవంటరు. ఉన్నదున్నట్టు పెట్టాలె, లేకుంటే పెట్టొద్దు."

"ఇంతకీ పెట్టమంటరా, వద్దంటరా?"

"ముందుగాల చాయ్ తాగు, సల్లగైతున్నది."

ఇన్ని జవాబులున్న ప్రశ్న ఆమెకు ఏ పరీక్షలోనూ రాలేదు.

సాయంత్రం షాపులో పద్మక్క చీరలు మడతపెడుతోంది.

"అక్కా, ఆ రోజు నా ఫోన్ల నీ మాటలు గూడ పడ్డయి."

మడత ఆగిపోయింది. "విన్నవా?"

"ఔ."

"వాడు చాటుగా పిలిచిండు, నువ్వు చాటుగా విన్నవు. ఇగ నాకంటూ ఏం మిగిలిందే?"

"కావాలని చేయలే అక్కా. చర్చిల అమ్మ కోసం పెట్టినట్టు పెట్టి మర్చిపోయిన."

"నా ఏడుపు గూడ మీ అమ్మకు వినిపిస్తవా?"

జ్యోతి ఫోన్ బయటికి తీసింది. "తుడిచెయ్యమంటే ఇప్పుడే తుడిచేస్తా" అంది.

"నీ కాడున్న రుజువు గదొక్కటే కదా, పిచ్చిదానా." పద్మక్క మళ్ళీ చీర మడత అందుకుంది.

మర్నాడు విచారణలో నళిని మేడం అందరి ఫోన్లూ ఆపించి బల్లమీద పెట్టించింది. ఎదురుగా ప్రసన్నకుమార్ కాలు ఊపుతూ కూర్చున్నాడు.

"రుజువుందా అమ్మా?"

"ఉంది మేడం. కానీ అందులో ఇంకొకరి గొంతుంది. వాళ్ళు ఒప్పుకోకుండా వినిపించలేను."

"ఉంటే కదా వినిపించడానికి!" అని అతను నవ్వాడు.

అప్పుడే తలుపు తోసుకుని పద్మక్క లోపలికి వచ్చింది. "ఫోన్లెందుకు మేడం, మనిషిని నేనున్న కదా" అంది. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. ఈసారి ఏడవలేదు. ప్రసన్నకుమార్ కాలు ఊపడం ఎప్పుడు ఆపాడో ఎవరూ చూడలేదు.

అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఫోన్ పైకి తెచ్చినందుకు జ్యోతికి మెమో ఇచ్చారు. అందరూ అదోలా చూస్తున్నారని ఆ వారమే పద్మక్క పని మానేసింది. వెళ్తూ వెళ్తూ "ఇప్పుడు తుడిచెయ్యి" అంది. జ్యోతి తుడిచేసింది. రికార్డు చేయడం తప్పో, తుడిచేయడం తప్పో, రెండూ సరైనవేనో ఆమెకు ఈనాటికీ తెలియదు. "జ్యోతినడుగు" అని ఎవరైనా అంటే ఇప్పుడు కొంచెం జంకుతుంది.

కమిటీ రాసుకున్న కాగితంలో పద్మక్క చెప్పినవి నాలుగు ముక్కలుంటాయి. ఆమె గొంతు మాత్రం ఏ ఫోన్‌లోనూ లేదు. అందుకే ఈ కథ చదివినవాళ్ళను అడిగేది ఒక్కటే. అబిడ్స్‌లో ఏ షాపులోనైనా మీ ముందు ఎవరైనా చీర మడత విప్పితే, నిలబడి చెప్పిన పద్మక్కను ఒకసారి యాది చేసుకోండి.