డ్యూటీలోనే ఉన్నాడట

రోజూ నేను బడికి బయలుదేరే వేళకి మావారి ఫోన్ మోగేది. అవతల ఒంటివేలు బాబాయి.

"టీచరమ్మా, వచ్చిందా?"

"వచ్చింది బాబాయ్."

"చదువు మరి. మెల్లగా చదువు. నాది చేతివేగం కాదు, వేలివేగం."

ఫోన్‌కి వచ్చిన ఆరంకెల సంఖ్యని ఒక్కొక్క అంకే చదివేదాన్ని. ఒక్కోటీ నొక్కుతున్న చప్పుడు అవతల వినిపించేది. ఒకే వేలితో కొడతాడు గనక ఆఫీసులో ఆయనకా పేరు. చివరి అంకె పడ్డాక కుర్చీ కిర్రుమనేది. "హమ్మయ్య, లోపలికెళ్లాం" అని ఫోన్ పెట్టేసేవాడు.

అంతటితో మావారు ఆ రోజు డ్యూటీలో చేరినట్టు. ఆయన పోయింది ఎండాకాలంలో. అప్పటికి వానలు మొదలవుతున్నాయి.

మావారు పురపాలక ఆఫీసులో మురుగు కాలువల పంపులు చూసేవారు. ఊళ్లో పల్లంగా ఉన్న చోట్ల వాననీరు తనంతట తాను పోదు. పంపుతో తోడి పెద్ద కాలువలోకి ఎత్తిపోయాలి. నిరుడు ఆఫీసు పనంతా కంప్యూటర్ల మీదికి మార్చినప్పుడు ఒక్కో పంపుకి తెర మీద ఒక్కో చుక్క పెట్టారు. పంపు నడుస్తుంటే చుక్క ఆకుపచ్చగా ఉంటుంది, తేడా వస్తే ఎర్రబడుతుంది. ఉద్యోగులందరికీ శిక్షణ ఇచ్చి పరీక్ష పెట్టారు. పంపుల విభాగంలో నెగ్గింది మావారొక్కరే. తప్పినవాళ్లు మళ్లీ తప్పితే మిగతా ఊళ్ల ముందు మన స్థానం పడిపోతుందని ఇంజనీరు వాళ్లని ఇంకోసారి కూర్చోనివ్వలేదు. అందరూ మావారి పేరుతోనే తెర తెరిచి పని కానిచ్చేవారు. ఆ పేరుతో తెరవాలంటే ఆ పేరుగల మనిషి ఫోన్‌కి రోజూ ఒక సంఖ్య వస్తుంది. అది చెప్పాలి.

మనిషి పోయినా ఫోన్ ఉంది.

ఆయన మరణ ధ్రువపత్రం నాకు ఇచ్చింది కూడా ఆ మేడలోనే. కింది అంతస్తులో ఆయన చనిపోయారు. పై అంతస్తులో హాజరవుతున్నారు.

మొదటిసారి అడగడానికి బాబాయి ఇంటికే వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఏమనుకోకమ్మా. ఇంకెవరైనా ఆ పరీక్ష నెగ్గేదాకే. నావల్ల అయ్యేలా లేదు. కాటికి కాళ్లు చాపినవాడికి కొత్త చదువులంటే..." అని నాలుక కరుచుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నానో సరిగా చెప్పలేను. తరగతిలో రోజూ హాజరు పిలిచేదాన్ని. పేరు పిలిచినప్పుడు ఎవరో ఒకరు పలకడం నాకు అలవాటు.

వానలు మొదలైన వారం ఫోన్‌కి వేరే రకం సందేశం వచ్చింది. "పల్లపు వీధి పంపు: వేడి ఎక్కువగా ఉంది. చూసి నిర్ధారించండి." నేనది రెండోసారి చదివేలోపే ఇంకొకటి. "నిర్ధారించినందుకు ధన్యవాదాలు." కింద మావారి పేరు.

పల్లపు వీధిలో మా ఆడపడుచు ఉంటుంది. బట్టలు కుడుతుంది. ఒక్కతే. ఇల్లంటే ఒకే గది, గుమ్మం దిగితే కాలువే. ఆ పంపు ఆగితే మొదట నీళ్లొచ్చేది ఆమె గదిలోకే.

మర్నాడు బడి వదిలాక ఆఫీసుకి వెళ్లాను. బాబాయి తెర ముందు నిటారుగా కూర్చుని ఉన్నాడు. చొక్కా జేబులో ఇంకా మూడు కలాలున్నాయి.

"బాబాయ్, నిన్న పల్లపు వీధి పంపు దగ్గరికి ఎవరు వెళ్లారు?"

"వెళ్లడమెందుకమ్మా? ఇక్కణ్ణుంచే చేశాం." గొంతులో కాస్త గర్వముంది. "ఎర్రబడింది. నొక్కాను. పచ్చబడింది."

"పంపు బాగయిందా?"

"పచ్చబడిందిగా."

నేను మళ్లీ అడిగాను. ఆయన మళ్లీ అదే చెప్పాడు. దాచడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. శిక్షణ హాల్లో వాళ్లకి చూపించింది అదే. అక్కడ పంపుల్లేవు, నీళ్లు లేవు. తెర మీద ఎర్రచుక్క వచ్చేది, నొక్కితే పచ్చబడేది, అందరూ చప్పట్లు కొట్టేవారు. మావారు మాత్రం చుక్క ఎర్రబడితే స్కూటర్ తీసేవారు. పంపు చూసి, బాగుచేయించి, తిరిగొచ్చాక నొక్కేవారు. ఆయన వెళ్లడం ఎవరికీ తెలియదు, నొక్కడమే కనిపించేది.

"పంపు దగ్గర కాపలా మనిషి ఉండేవాడు కదా?"

"పంపు మామా? వాణ్ని ఆఫీసుకి తెచ్చేశారు. చుక్క కనిపెట్టి చూస్తుంటే మనిషెందుకన్నారు. ఇప్పుడు కింద జనాన్ని వరసలో నిలబెడుతున్నాడు. తెల్లచొక్కా వేసుకున్నాడమ్మా, పెళ్లికొడుకులా ఉన్నాడు."

అప్పుడే ఇంజనీరు వచ్చాడు. చిన్నవాడే, మర్యాద తెలిసినవాడు. నన్ను చూసి నిలబడ్డాడు.

"టీచర్ గారూ, మీ సహకారం మేం మరిచిపోలేమండి."

"ఆయన పేరు తీసేయండి సార్."

"తీసేస్తామండి. మన శిక్షణ ఎలా జరిగిందో చూడ్డానికి తనిఖీ బృందం వస్తోంది. వాళ్లు చూసి వెళ్లనివ్వండి. ఇప్పుడు తీసేస్తే పంపులకి దిక్కుండదు."

ఇప్పుడుందా అని అడగాలనిపించింది. అడగలేదు. తెర మీద మూలగా మావారి ఫోటో ఉంది. ఆ ఫోటో దిగిన రోజు చొక్కా ఇస్త్రీ చేసింది నేనే. ఫోటో కింద పేరు, పేరు కింద "విధుల్లో ఉన్నారు" అని. పక్కన ఆకుపచ్చ చుక్క.

అక్కణ్ణుంచి పల్లపు వీధికి వెళ్లాను. ఆడపడుచు కాజాలు కుడుతోంది.

"నాలుగు రోజులు మా ఇంటికి రామ్మా" అన్నాను.

"ఎందుకొదినా? నీకు వంట చెయ్యడానికా?"

"పంపు సరిగా లేదు."

"నాకు తెలీదా? ఇదివరకు అన్నయ్య గురక పెట్టినట్టుండేది. ఇప్పుడు ఖళ్లుఖళ్లున దగ్గుతోంది. విను."

విన్నాను. వీధి చివర పంపుగది. తాళం వేసి ఉంది. లోపల ఏదో తెగి కొట్టుకుంటున్న చప్పుడు. ఎదుటింటి అరుగు మీద గొడుగుల తాత తలొంచుకుని పాత గొడుగుకి ఊచలు సవరిస్తున్నాడు. చెవుడు గనక ఆయనకి ఏ చప్పుడూ లేదు.

"ఈ బట్టలన్నీ ఇచ్చేసి వస్తాలే" అంది ఆడపడుచు. "ఊరి రవికలన్నీ నా దగ్గరున్నాయి. వదిలేసి వస్తే నన్ను బతకనిస్తారా?"

ఆ మర్నాటి నుంచి మావారి ఫోన్ నాతోపాటు బడికి తీసుకెళ్లేదాన్ని. ఉదయం సంఖ్య చదువుతూనే ఉన్నాను. చదివాక ప్రతిసారీ, పంపు చూడ్డానికి మనిషిని పంపమని బాబాయికి చెప్పేదాన్ని. "చెప్తా, చెప్తా" అనేవాడు. రెండో మాట పూర్తవకముందే ఫోన్ పెట్టేసేవాడు.

తనిఖీ బృందం వచ్చిన రోజున పొద్దుటి నుంచే వాన. మధ్యాహ్నానికి కిటికీలోంచి ఆటస్థలం కనపడలేదు. పిల్లలకి లెక్క ఇచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. ఫోన్ వెలిగింది.

"పల్లపు వీధి పంపు ఆగింది. చూసి నిర్ధారించండి."

"నిర్ధారించినందుకు ధన్యవాదాలు."

మళ్లీ ఆగింది. మళ్లీ ధన్యవాదాలు. బల్ల మీద ఫోన్ బతికున్నదానిలా వణుకుతోంది. ముందు వరస పిల్లలు తలలెత్తి చూశారు. వరండాలోకి వెళ్లి బాబాయికి ఫోన్ చేశాను.

"తర్వాత చెయ్యమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "వాళ్లు నా వెనకే నిలబడి ఉన్నారు."

"పంపు ఆగింది బాబాయ్."

"ఎక్కడాగింది? పచ్చగా ఉంది."

"మీరు నొక్కారు గనక."

అవతల ఎవరో నవ్వడం, ఎవరో మెచ్చుకోవడం వినిపించింది.

"ఎవరినైనా పంపండి బాబాయ్."

"అందరూ హాల్లో ఉన్నారమ్మా, శిక్షణలో. పంపుగది తాళంచెవి ఇంజనీరు దగ్గరుంది. ఆయనేమో తనిఖీవాళ్లకి చుక్కలు చూపిస్తున్నాడు." తన మాటకి తనే నవ్వబోయి ఆగిపోయాడు. "మధ్యలో ఎలా పిలవనమ్మా?"

తరగతి పక్క టీచరుకి అప్పజెప్పి బయలుదేరాను.

పల్లపు వీధి మొదట్లోనే తేడా తెలిసింది. పంపు చప్పుడు లేదు. ఆ వీధిలో ఉండేవాళ్లకి ఆ హోరు చెవిన పడదు. ఆగినప్పుడే వినపడుతుంది. జనం గుమ్మాల్లోకి వచ్చి వీధి చివరికి చూస్తున్నారు. నీళ్లు చీలమండ దాకా ఉన్నాయి. వాన నీళ్లలా కదలడం లేదు. కాలువలోంచి పైకి పొంగుతున్నాయి, నల్లగా, చప్పుడు లేకుండా.

ఆడపడుచు బట్టల మూటలు కడుతోంది. "పైవాటా వాళ్లు పెట్టుకోమన్నారొదినా. ఈ మూట అందుకో."

"ముందు తాతని తీసుకెళ్దాం."

"నే పిలిచా. రానంటున్నాడు. నువ్వు చెప్పు, టీచరువి కదా, నీ మాట వింటాడేమో."

గొడుగుల తాత కాళ్లు పైకి పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. గది నిండా గొడుగులు, మూసినవి, తెరిచినవి. నన్ను చూసి మూలనుంచి ఒకటి తీశాడు. మావారిది. కర్ర పిడి మీద పళ్లగాటు లాంటి గీతుండేది. ఆ గీత చూసి గుర్తుపట్టాను.

"ఊచ మార్చాను. ఇచ్చెయ్యి ఆయనకి. తీసుకెళ్లడం మర్చిపోయాడు."

"తాతా, లేవండి. పైకెళ్దాం. నీళ్లొస్తున్నాయి."

"వస్తాయి, పోతాయి. పంపు వేస్తాడుగా మీ ఆయన."

"ఆయన లేరు తాతా."

చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఆ?"

"ఆయన లేరు."

"లేకపోవడమేంటి? మొన్న ఆఫీసుకెళ్లాగా, కాలువ కంపు కొడుతోందని చెబుదామని. తెర మీద చూపించారు. ఫోటో ఉంది, పేరుంది. డ్యూటీలోనే ఉన్నాడట." నా కంగారు చూసి జాలిపడినట్టు నవ్వాడు. "మీ ఆయన ఉండగా ఈ వీధిలో నీళ్లెప్పుడు నిలిచాయమ్మా? నువ్వెళ్లు. ఆ పిల్లకి సాయం చెయ్యి."

గొంతెత్తి చెప్పాలి. ఆఖరి బెంచీ దాకా వినపడే గొంతే నాది. మాట నోటిదాకా వచ్చింది. వీధిలో అందరూ గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. ఆ మాటని అరిచి చెప్పడం నావల్ల కాలేదు. మూడోసారి కూడా అంతే మెల్లగా అన్నాను. ఆయన తలూపాడు. ఏం విన్నాడో తెలియదు.

"వదినా, మిషను ఓ పక్క పట్టు" అని ఆడపడుచు పిలిచింది. ఇది పైకి చేర్చి వద్దాం, తాతని ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని తీసుకొద్దాం అనుకున్నాను. గొడుగు చంకలో పెట్టుకుని వెళ్లాను. ఇద్దరం మిషను మోసుకుంటూ మెట్లెక్కుతుంటే కింద ఏదో పెళ్లున విరిగినట్టయింది. పెద్ద కాలువ నీరు పంపు గొట్టంలోంచి వెనక్కి తిరిగింది. మేం కిందికి చూసేసరికి వీధి లేదు. గుమ్మాల సగం దాకా నీళ్లు. ఎదుటింటి తలుపు ఆ ఒత్తిడికి మూసుకుపోయి ఉంది. కిటికీ ఊచల సందుల్లోంచి నల్లటి నీళ్ల మీదికి గొడుగులు ఒకటొకటిగా బయటికి వస్తున్నాయి.

మగవాళ్లు తాడు కట్టుకుని దిగబోయి రెండుసార్లు వెనక్కొచ్చారు. ఆడపడుచు మెట్ల మీద కూర్చుని తాతని పేరు పెట్టి పిలిచింది. చెవుడున్న మనిషిని. వద్దనలేకపోయాను.

చేతిలో ఫోన్ వెలిగింది. "నిర్ధారించినందుకు ధన్యవాదాలు."

నీళ్లు తీశాక తాతని బయటికి తెచ్చారు. అప్పటికి తెల్లవారింది.

ఆడపడుచుని మా ఇంటికి తీసుకొచ్చాను. నా చీర కట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. మావారి గొడుగు మూలన నిలబెట్టాను. కింద చిన్న మడుగు కట్టింది. రోజూ మోగే వేళకి ఫోన్ మోగింది. బాబాయి కాదు, ఇంజనీరు.

"టీచర్ గారూ, మీ ఆడపడుచు గారు క్షేమమని విన్నాను. మనసు కుదుటపడిందండి. సంఖ్య వచ్చిందా?"

వచ్చింది. చేతిలోనే ఉంది.

"ఎందుకండీ ఇవాళ?"

"నిన్నటి పంపు తనిఖీ రాయాలండి. పల్లపు వీధి పంపు పొద్దున్న చూశాం, బాగానే ఉంది, తర్వాత వరద ఎక్కువై మునిగింది అని. పంపుల సంగతి ఆ పేరుతోనే రాయాలి కదా. లేకపోతే బాబాయి మెడకి చుట్టుకుంటుంది. పాపం, రేపోమాపో రిటైరయ్యే మనిషి." గొంతు తగ్గించాడు. "పోయినవాళ్లకి కొత్తగా పోయేదేముందండీ."

ఆడపడుచు నావైపే చూస్తోంది.

"ఆయన చనిపోయారు" అన్నాను.

"తెలుసండీ, అదే నేను..."

"మా ఆయన చనిపోయారు." చెవుడున్న మనిషికి చెప్పినట్టు చెప్పాను. పక్కింటి కిటికీ తెరుచుకుంది. "ఆయన నిన్న పంపు చూడలేదు. ఇవాళ డ్యూటీకి రారు. రేపూ రారు."

"మెల్లగా అన్నా వినపడుతుందండీ" అన్నాడు ఇంజనీరు, నొచ్చుకున్నట్టు. ఫోన్ పెట్టేశాడు.

ఆడపడుచు ఏడ్చింది. నేను టీ పెట్టడానికి లేచాను. పొయ్యి మీద నీళ్లు మరగకముందే వెనక బల్ల మీద ఫోన్ వెలిగింది. తెర మీద చిన్న అక్షరాలు.

"మీ ఫోన్ నంబరు విజయవంతంగా మార్చబడింది. ఇకపై సంఖ్యలు కొత్త ఫోన్‌కి వస్తాయి."

నంబరు మార్చడం నిన్నటి శిక్షణలో నేర్చుకున్నారు కాబోలు. కింద మావారి పేరు. పేరు పక్కన ఆకుపచ్చ చుక్క.

ఆ తర్వాత ఆ ఫోన్ మళ్లీ మోగలేదు.