ఇంజన్ దగ్గరి వేడినీళ్లు

ఫ్లాస్కు ప్లాట్‌ఫాం బెంచీ మీదే ఉండిపోయిందని తెలిసేసరికి బండి ఊరు దాటి కొండ ఎక్కుతోంది.

"రాకేష్, ఫ్లాస్క్ ఏది?" అంది గీతిక, సంచీ అడుగుదాకా కెలుకుతూ.

అల్లుడి ముఖం చూడగానే కనకయ్యకు సంగతి అర్థమైంది. ఇంజన్‌కు ఫోటోలు తీయడానికి చేతిలో ఉన్నదాన్ని పక్కన పెట్టాడు. ఫోటోలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి.

"ఇంజన్ అంత ముచ్చటగా ఉంటే నేనేం చెయ్యను గీతూ?"

"అయితే పోయి దాన్నే పాలడుగు!"

ఒళ్లో ఉన్న అక్షయకు అయిదో నెల. డబ్బా పాల పిల్ల. పొడి ఉంది, కాచి చల్లార్చిన నీళ్ల సీసా ఉంది. కలిపేందుకు వేడినీళ్లే లేవు. గీతిక ఆ చల్లటి నీళ్లతోనే కలిపి పట్టబోతే, పిల్ల ఒక్క చుక్క రుచి చూసి సీసాను నాలుకతో బయటికి నెట్టేసింది. నోరు వంకర తిప్పి, రాగం అందుకుంది.

"నేను చెప్పలే నాన?" అంది గీతిక. "వచ్చే స్టేషన్‌ల దిగి వాపసు పోదాం. మళ్లీ నన్ను ఏడికీ రమ్మనకుండ్రి."

కాన్పు అయినప్పటినుంచి ఆమె జర్మనీలో, కెమ్నిట్జ్ ఊళ్లోని ఫ్లాటు వదిలి డాక్టరు దగ్గరికి, కొట్టుకు తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. పిల్ల ఏడిస్తే ఎట్లా అన్న భయమే. కనకయ్యే వారం రోజులు బతిమాలి ఈ కొండ రైలు ఎక్కించాడు. ఇప్పుడు ఇక్కడినుంచి వెనక్కి తిరిగితే, చలికాలమంతా తలుపు వేసుకునే ఉంటుంది.

పొద్దున బయలుదేరేటప్పుడు పిల్ల బుగ్గన దిష్టిచుక్క పెడదామని కాటుక డబ్బా తీశాడు. "కాటుక వద్దన్నది నాన డాక్టర్," అంది గీతిక. డబ్బా జేబులో వేసుకున్నాడు. భార్య కౌసల్య ఉంటే పోట్లాడైనా పెట్టేది. ఆమె పోయి నాలుగేళ్లు.

కండక్టర్ వచ్చాడు. బండి కదిలేముందు పిల్ల తోపుడుబండి దారికి అడ్డమని గొణిగిన మీసాలాయన. గీతిక జర్మన్‌లో వేడినీళ్లు అడిగితే, బీరూ నిమ్మసోడా తప్ప ఏమీ లేవని పెదవి విరిచి వెళ్లిపోయాడు.

"వచ్చే స్టేషన్‌ల కొంచెంసేపు ఆగుతదట," అంది గీతిక. "ఇంజన్‌కు నీళ్లు పట్టాల్నట. దిగుదాం."

వెనక వేరే నీళ్ల పెట్టె లేని పొట్టి ఇంజన్ అది. తన పక్కలకు కట్టుకున్న తొట్లలో నీళ్లెంతో అంతే. కొండ సగం ఎక్కేసరికి దానికీ దాహం వేస్తుంది.

ఇంజన్, నీళ్లు అన్న మాటలు కనకయ్యను నిజామాబాద్ మీటర్ గేజి బండిలోకి ఈడ్చుకెళ్లాయి. అప్పుడు గీతిక ఇంత పిల్ల. పాలు చల్లారిపోతే, "పోయి డ్రైవర్‌ను వేడినీళ్లడుగుండ్రి," అంది కౌసల్య. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు చెంబు పట్టుకుని ఇంజన్ దగ్గరికి పోవడమా అని ఆయన నసిగాడు. ఆమె కొంగు దోపి తనే వెళ్లింది. పాలసీసా ముంచడానికి పొగలు కక్కే చెంబుతోపాటు డ్రైవర్ కూతురి పెళ్లి కబురు కూడా మోసుకొచ్చింది.

బండి ఆగింది. కనకయ్య పాలసీసా తీసుకుని లేచాడు.

"ఏడికి నాన?"

"ఇంజన్ కాడికి. ఆగు, దిగకు."

"నీకు జర్మన్ రాదు గదా!"

"సీసా చూపిస్త."

"మావయ్య గారూ, నేనూ వస్తానండీ," అన్నాడు రాకేష్.

"వద్దు బాబూ. మళ్లా ఫోటోలు తీస్తవ్."

ఇంజన్ పైకెక్కి డ్రైవర్ తొట్టిలోకి లావుపాటి గొట్టం వదులుతున్నాడు. కింద, కొలిమిలోకి బొగ్గు వేసే మనిషి కిటికీలోంచి తొంగిచూసింది. నలభై ఏళ్ల ఆడమనిషి. ముఖంలో మసి అంటని చోటల్లా చిరునవ్వే.

దయచేసి, నీళ్లు, వేడి: కనకయ్య తనకొచ్చిన జర్మన్ ముక్కలు కూడదీసుకున్నాడు. "బిట్టె. వాసర్. హైస్. బేబీ."

ఆమె సీసా అందుకుని, తన కాఫీ కూజా వెచ్చబెట్టుకునే కొలిమి మీది అరను చూసింది. ప్లాస్టిక్ కరిగిపోతుందని తల అడ్డంగా ఊపింది. బొగ్గు మీద నీళ్లు చల్లే గొట్టం తిప్పి, బకెట్‌లోకి వేడినీళ్లు పట్టింది. ఇంజన్ నీళ్లలో మందులు కలుపుతారు, తాగకూడదు. ఆ సంగతి చేతులతో చెప్పబోయాడు కనకయ్య. సరిగ్గా అదే సైగ ఆమె కూడా చేసింది. ఇద్దరూ నవ్వుకున్నారు. సీసా బకెట్‌లో మెడదాకా మునిగింది.

తొట్టి నిండింది. డ్రైవర్ మూత వేశాడు. మీసాల కండక్టర్ ఈల నోట్లో పెట్టుకుని వచ్చాడు. పెట్టెలోంచి అక్షయ ఏడుపు ఇక్కడికీ వినిపిస్తోంది. కనకయ్య సీసా తడిమాడు. గోరువెచ్చన కూడా కాలేదు.

కండక్టర్ గడియారం చూసుకున్నాడు. బొగ్గు వేసే ఆమె ఆయనతో ఏదో ఒక్క మాట అంది. ఆయన ఏడుపు వినవచ్చే వైపు చూశాడు, బకెట్ వైపు చూశాడు. ఈల నోట్లోంచి జారి తాడుకు వేలాడింది. వంగి, సీసాకు వేలు ఆనించి, ఇంకా కాలేదని పెదవి విరిచాడు. అక్కడే నిలబడ్డాడు.

కాసేపటికి ఆమె మణికట్టు గుడ్డతో తుడుచుకుని, అక్కడ ఒక చుక్క పాలు వేసుకుని చూసింది. "గుట్!" అంది, సరిపోయిందన్నట్టు.

కనకయ్య పరుగులాంటి నడకతో సీసా తెచ్చి ఇచ్చేసరికి ఈల మోగింది. అక్షయ సీసాను రెండు చేతులా వాటేసుకుంది. కండక్టర్ పెట్టెలోకి వచ్చి గట్టిగా ఏదో ప్రకటించాడు. అందరూ గొల్లున నవ్వారు. గీతిక కూడా నవ్వింది.

"ఏమన్నడు?"

"ఇయ్యాల ఇంజన్‌తోటి ఇంకొకరు కూడా తాగేది ఉండె, అందుకే లేటయింది, అన్నడు." ఆమె తండ్రిని ఎగాదిగా చూసింది. "నిజంగ నువ్వే అడిగినవా నాన?"

"మీ అమ్మయితే డ్రైవర్ ఇంటి ముచ్చట్లు కూడా తెచ్చేది."

బండి కదిలింది. గీతిక దిగే మాట ఎత్తలేదు. నిండిన తొట్లతో ఇంజన్, నిండిన పొట్టతో పిల్ల, ఇద్దరూ కొండ ఎక్కారు.

పైన దిగాక, బొగ్గు వేసే ఆమె ఇంజన్ మెట్లు దిగి వీళ్లను వెతుక్కుంటూ వచ్చింది. అక్షయను చూసి కరిగిపోయి, బుగ్గ మీద మసి వేలు ఆనించింది. తెల్లటి బుగ్గన నల్లటి చుక్క! కంగారుగా గుడ్డ తీస్తుంటే, గీతిక ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, జర్మన్‌లో ఏదో చెప్పింది. ఆమె విరగబడి నవ్వింది.

"ఏం చెప్పినవ్ బిడ్డా?"

"పొద్దున్నించి మా నాన ఇదే పెడదామని చూస్తున్నడని."

కనకయ్య జేబులోని కాటుక డబ్బాను తడుముకున్నాడు.

రాకేష్ ఫోన్ పైకెత్తాడు. "అందరూ ఇటు చూడండి!"

"ముందు ఆ చేతిలది నానకియ్యి," అంది గీతిక.

రాకేష్ తన ఎడమ చేతిలోని పాలసీసాను చూసుకున్నాడు. రెండు చేతులతో, పదిలంగా, మామగారికి అందించాడు.